పాటల సర్వర్‌కి లోపలి డిస్క్: చినవాల్తేరు ఇంటి పని డైరీ

జనవరి 4, ఆదివారం

పొద్దున్న ఆరింటికి వంటింట్లో పాటలు ఆగిపోయాయి. అమ్మ కాఫీ కలుపుతూ, "ఏట్రా, మళ్ళీ ఆగిపోయింది?" అంది. పది రోజుల్లో ఇది మూడోసారి.

మా పాటల సర్వర్ అంటే మందపాటి నిఘంటువంత ఉండే మినీ పీసీ. ఏదో ఆఫీసులో కొన్నేళ్ళు పనిచేసి సెకండ్ హ్యాండ్‌లో మా ఇంటికి వచ్చింది. అందులో డెబియన్ లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్, దాని మీద లిరియన్ మ్యూజిక్ సర్వర్ నడుస్తున్నాయి. చాలామందికి ఇది లాజిటెక్ మీడియా సర్వర్‌గానే తెలుసు, 2024లో పేరు మారింది. హాల్లో ఆంప్లిఫయర్‌కీ, వంటింట్లో 'రాస్ప్‌బెర్రీ పై' అనే బుల్లి కంప్యూటర్ తగిలించిన స్పీకర్‌కీ పాటలు ఇదే పంపిస్తుంది. మెషీన్‌లో ఉన్న 256 జీబీ చిప్ సిస్టమ్‌కే సరిపోతుంది. పాటలన్నీ యూఎస్‌బీ తీగకి వేలాడే 1 టీబీ హార్డ్ డిస్క్‌లో ఉన్నాయి.

లాగ్ (మెషీన్ రాసుకునే చిట్టా) తీసి చూశాను. సర్వర్ బాగానే ఉంది, తెగిపోయింది డిస్క్. 5:58కి యూఎస్‌బీ డిస్కనెక్ట్, రెండు సెకన్లకి మళ్ళీ కనెక్ట్. అప్పటిదాకా ఎస్‌డీబీ అని ఉన్న డిస్క్ ఎస్‌డీసీగా తిరిగొచ్చింది. సర్వర్ మాత్రం పాత మౌంట్ (డిస్క్‌ని సిస్టమ్‌కి కలిపిన చోటు) దగ్గరే ఎదురుచూస్తూ ఉండిపోయింది. కేబుల్ పీకి టార్చ్ వేసి చూస్తే డిస్క్ సాకెట్ అంచు మీద సన్నగా పచ్చటి చిలుము కనిపించింది.

విశాఖలో సముద్రానికి దగ్గరగా ఉన్నవాళ్ళకి ఇది కొత్త కాదు. మా మేడ మీంచి సముద్రం కనపడదు గానీ గాలి మాత్రం తిన్నగా వచ్చేస్తుంది. కిటికీ గ్రిల్స్‌కి ఏటా రంగు వేయించాలి. ఫ్యాన్ స్క్రూలు రెండేళ్ళకే ఎర్రబడతాయి. ఉప్పూ తేమా కలిసి లోహం మీద కూర్చున్నాయంటే ఇక వదలవు. ఇంట్లో మిగతా యూఎస్‌బీ ప్లగ్గులన్నీ పీకి చూశాను. రోజూ పీకి పెట్టేవి మెరుస్తున్నాయి. ఏడాదిగా కదపనివి మసకబారాయి. అలా కదపకుండా గోడ పక్కన వదిలేసినదాని మీదే ఇంట్లో సంగీతమంతా ఆధారపడి ఉంది.

కేబుల్ మారిస్తే కొన్నాళ్ళు నడుస్తుంది, కానీ నాకు ఇక అది వద్దు. డిస్క్ లోపలికి వెళ్ళాలి. బయట తీగ, బయట ప్లగ్గు ఉండకూడదు.

మినీ పీసీ మూత తీశాను. రెండున్నర అంగుళాల డిస్క్ పట్టే చోటు ఉంది. దాన్ని పట్టుకునే ట్రే లేదు, బోర్డుకి కలిపే రిబ్బన్ కేబుల్ కూడా లేదు. పాత ఆఫీసు మెషీన్లు కొనేవాళ్ళకి నా సలహా: డబ్బు ఇచ్చేముందే మూత తీయించి ఈ రెండూ ఉన్నాయో లేదో చూడండి. ప్రాసెసర్, ర్యామ్ అన్నీ అడిగి తెలుసుకుంటాం, ఇది మాత్రం అడగం.

జనవరి 6

అక్క కొడుకు సాయంత్రం వచ్చాడు. మూత తీసి ఉన్న మెషీన్ చూసి, "మావయ్యా, బయటున్న డిస్కునే డబ్బా విప్పి లోపల పెట్టేయొచ్చు కదా?" అన్నాడు. మంచి ప్రశ్నే. ఇలాంటి చిన్న బయటి డిస్క్‌లలో చాలావాటికి యూఎస్‌బీ సాకెట్ డిస్క్ బోర్డు మీదే టంకం పెట్టి ఉంటుంది. లోపల మెషీన్ బోర్డుకి కలిపే శాటా కనెక్టరే ఉండదు. పైగా ఇది ఐదేళ్ళ నాటిది. కొత్తది కొనడమే మేలు.

ఏది కొనాలి? మా మెషీన్‌లో 7 మిల్లీమీటర్ల మందం వరకే పడుతుంది. 4, 5 టీబీల చిన్న హార్డ్ డిస్క్‌లు 15 మిల్లీమీటర్లు ఉంటాయి కాబట్టి అవి లెక్కలోకి రావు. 2 టీబీలో పలచటి హార్డ్ డిస్క్‌లు ఉన్నా, వాటిలో చాలావరకు ఎస్‌ఎంఆర్ రకం. అంటే డేటా ట్రాకులు పెంకుల్లాగా ఒకదాని మీద ఒకటి కొంత ఎక్కి ఉంటాయి. ఎక్కువ డేటా ఒకేసారి రాయాలంటే బాగా నెమ్మదిస్తాయి. చివరికి 2 టీబీ శాటా ఎస్‌ఎస్‌డీ, అంటే లోపల తిరిగే భాగాలు లేని డిస్క్, తీసుకోవాలనుకున్నాను.

వేగం కోసమైతే ఎస్‌ఎస్‌డీ అక్కర్లేదు. సీడీ నాణ్యత అంటే సెకనుకి 1411 కిలోబిట్లు, ఫ్లాక్ (నాణ్యత పోకుండా కుదించే పద్ధతి) చేస్తే అది సగానికో ఇంకాస్త ఎక్కువకో వస్తుంది. ఎంత పాత డిస్క్ అయినా దాన్ని అవలీలగా ఇవ్వగలదు. నాకు కావలసింది నిశ్శబ్దం. మెషీన్ హాల్లో ఆంప్లిఫయర్ పక్కనే ఉంటుంది. రాత్రి వయొలిన్ వింటూ ఉంటే, ఆలాపనలో విరామం వచ్చినప్పుడు డిస్క్ తిరిగే సన్నటి రొద వినపడకూడదు.

లెక్క కూడా వేశాను. 700 సీడీలు ఫ్లాక్‌లో దాదాపు 245 జీబీ. నాన్న కేసెట్లు 140. వాటిని సీడీ కన్నా సూక్ష్మంగా, 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్‌లో ఎక్కించాను. ఆ లెక్కన 90 నిమిషాల కేసెట్ ఒక్కటే 3.1 జీబీ. కుదించని అసలు వేవ్ ఫైళ్ళు 370 జీబీ, శుభ్రం చేసిన ఫ్లాక్‌లు 220 జీబీ. అన్నీ కలిపి దాదాపు 840 జీబీ. పాత డిస్క్ నిండే దశలో ఉంది. కేసెట్‌కి అంత రిజల్యూషన్ అవసరమా అని అడగొచ్చు. వినడానికి అవసరం లేదు. చిటపటలు తీసేటప్పుడు మాత్రం పనికొస్తుంది. పైగా ఆ టేపులు రెండోసారి తిప్పే స్థితిలో లేవు.

ఆ కేసెట్ల సంగతి కూడా రాయాలి. నాన్న టూ-ఇన్-వన్‌లో ఆకాశవాణి నుంచి రికార్డు చేసుకునేవారు. విశాఖపట్నం కేంద్రం 1963లో మొదలైంది, నాన్న దాంతోపాటే పెరిగారు. కచేరీలు, లలిత సంగీతం, హరికథలు, బుర్రకథలు ఏవీ వదిలేవారు కాదు. ప్రతి కేసెట్ మొదట్లో మైకు నొక్కి తేదీ, కళాకారుల పేర్లు తన గొంతుతో చెప్పేవారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కిటికీ అద్దాలు పగిలి ఆ గదిలోకి నీళ్ళు కొట్టాయి. మంచం కింద పెట్టెలోని కేసెట్లలో పందొమ్మిది పనికిరాకుండా పోయాయి. మిగిలినవాటిని డిజిటల్ చేయడం ఆ తర్వాతే మొదలుపెట్టాను. అప్పటికి నాన్న లేరు.

జనవరి 8

ద్వారకానగర్ వెళ్ళాను. ఎస్‌ఎస్‌డీ మొదటి షాపులోనే దొరికింది. ట్రే కోసం నాలుగు షాపులు తిరిగాను. నాలుగో ఆయన పైన అటక మీంచి స్క్రాప్ పెట్టె దింపి, చచ్చిపోయిన అదే మోడల్ మెషీన్ నుంచి విప్పి ఇచ్చారు. "కేబుల్ మాత్రం దొరకదు సార్, మోడల్‌కో రకం ఉంటుంది. ఆన్‌లైన్‌లో పెట్టుకోండి" అన్నారు. ఆయన చెప్పింది నిజమే. పొడవు, పిన్నుల సంఖ్య ఒకటే అయినా మడత వేరుగా ఉంటుంది. బోర్డు మీద ఉన్న పార్ట్ నంబరు చూసి ఆర్డరు పెట్టాను. పండగ వారం కదా, రావడానికి తొమ్మిది రోజులు చూపించింది.

జనవరి 10, రాత్రి

కేబుల్ వచ్చేలోగా చేయాల్సిన పని ఇంకొకటి ఉంది, అసలైనది అదే. పాత డిస్క్‌లో ఉన్నవన్నీ బాగున్నాయా? పాడైన ఫైలుని కొత్త డిస్క్‌కి ఎంత జాగ్రత్తగా కాపీ చేసినా పాడైన ఫైలే వస్తుంది.

ఫ్లాక్‌లో నాకు బాగా నచ్చే విషయం ఇక్కడ పనికొచ్చింది. ఫైలు తయారైనప్పుడే అసలు శబ్దానికి ఎండీ5 అనే లెక్క (వేలిముద్ర లాంటి సంఖ్య) కట్టి ఫైలు తలలో దాచుకుంటుంది. టెస్ట్ కమాండ్ ఇస్తే ఫైలంతా విప్పి, మళ్ళీ లెక్కకట్టి, రెండూ సరిపోయాయో లేదో చెప్తుంది. పదకొండు వేల పైచిలుకు ఫైళ్ళ మీద ఈ టెస్ట్ రాత్రంతా నడిపించాను.

పొద్దున్నకి మూడు ఫైళ్ళు ఫెయిల్. మూడూ మధ్యలో తెగిపోయినవే. తేదీలు చూస్తే, రాస్తూ ఉండగా డిస్క్ ఊడిపోయిన రోజులవి. రెండు సీడీ పాటలు, డిస్క్‌లు ఇంట్లోనే ఉన్నాయి, మళ్ళీ తీశాను. మూడోది నాన్న కేసెట్‌లోది, ఒక హరికథ రెండో భాగం. దాని వేవ్ ఫైలు తెరిచే వరకూ గుండె దడదడలాడింది. చివరిదాకా విన్నాను, పూర్తిగా ఉంది. అందులోంచి మళ్ళీ ఫ్లాక్ చేశాను. వేవ్ ఫైళ్ళు చోటు తింటున్నాయి, తీసేయొచ్చు కదా అని ఎన్నిసార్లు అనుకున్నానో. ఇక ఆ ఆలోచనే చేయను.

వేవ్‌లలో ఇలాంటి లెక్క దాచి ఉండదు. కాబట్టి వాటన్నిటికీ అలాంటిదే ఇంకో లెక్కతో, షా256 జాబితా తయారుచేసి పెట్టుకున్నాను.

జనవరి 17, శనివారం

కేబుల్ వచ్చింది. బొటనవేలంత వెడల్పు, కాగితమంత పలచన. మెషీన్ ఆపి, ప్లగ్గు పీకి, ఒకసారి ఇనుప ఫ్రేమ్ ముట్టుకుని చేతికున్న స్టాటిక్ పోగొట్టుకుని పని మొదలుపెట్టాను. బోర్డు వైపు సాకెట్‌కి చిన్న నల్ల రెక్క ఉంటుంది. దాన్ని గోటితో పైకి లేపి, రిబ్బన్ తిన్నగా దూర్చి, రెక్క కిందికి నొక్కాలి. రెండో కొస డిస్క్‌కి. ట్రేకి నాలుగు స్క్రూలు. ఇరవై నిమిషాల పని.

ఆన్ చేస్తే డిస్క్ కనపడింది, లింక్ సెకనుకి 6 గిగాబిట్లకి వచ్చింది. లైనక్స్ వాడే ఈఎక్స్‌టీ4లో ఫార్మాట్ చేశాను. ఇక్కడ ఒక మాట. ఈఎక్స్‌టీ4 మామూలుగా 5 శాతం చోటు సిస్టమ్ అవసరాలకి పక్కన పెడుతుంది. 2 టీబీలో అది 100 జీబీ, అంటే నా సీడీల్లో దాదాపు మూడొందలు. పాటలు తప్ప ఇంకేమీ ఉండని డిస్క్‌కి అది అక్కర్లేదు, సున్నా చేశాను.

ఏ డిస్క్ ఎక్కడ మౌంట్ అవ్వాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైలులో డిస్క్‌ని మారిపోయే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లతో రాయకుండా, మారని యూయూఐడీ గుర్తుతో రాశాను, పక్కన నోఫెయిల్ అనే మాట పెట్టాను. డిస్క్‌కి ఏదైనా అయితే మెషీన్ బూట్ అవడం ఆగిపోకూడదు. కానీ అలా డిస్క్ లేకుండానే బూట్ అయితే పాటల ఫోల్డరు ఖాళీగా కనపడుతుంది. ఆ సమయంలో సర్వర్ స్కాన్ చేస్తే పాటలన్నీ పోయాయనుకుని లైబ్రరీ నుంచి తీసేస్తుంది. అందుకని డిస్క్ మౌంట్ అయితేనే సర్వర్ మొదలయ్యేలా, ప్రోగ్రాంలని మొదలుపెట్టే సిస్టమ్‌డీలో ఒక లైను కలిపాను. డిస్క్ మౌంట్ చేయకముందు ఆ ఖాళీ ఫోల్డరుకి ఎవరూ ఏమీ రాయలేకుండా తాళం కూడా వేశాను.

రాత్రి తొమ్మిదిన్నరకి ఆర్‌సింక్ అనే ప్రోగ్రాంతో కాపీ మొదలుపెట్టాను. నలభై నిమిషాలు హాయిగా నడిచింది. తర్వాత వేగం ఒక్కసారిగా పడిపోయింది. కెర్నల్ లాగ్ నిండా ఎర్రర్లు. లింక్ 6 నుంచి 3 గిగాబిట్లకి దిగిపోయింది. కొత్త డిస్క్! టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయి.

డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చే స్మార్ట్ రిపోర్టు తీశాను. పాడైన సెక్టార్లు సున్నా. 199వ వరుసలో, సీఆర్‌సీ ఎర్రర్లు 57. అది చూశాక ఊపిరి పీల్చుకున్నాను. ఆ సంఖ్య పెరిగిందంటే డిస్క్ లోపల తప్పు కాదు, డిస్క్‌కీ బోర్డుకీ మధ్య దారిలో డేటా చెడుతోందని. అంటే కేబుల్ దగ్గర చూడాలి.

మూత మళ్ళీ తీశాను. నల్ల రెక్క కుడివైపు బాగా పడింది, ఎడమవైపు వెంట్రుకవాసి లేచి ఉంది. రిబ్బన్ కూడా ఆ పక్క కొంచెం బయటికి ఉంది. పూర్తిగా తీసి, రిబ్బన్ మీది తెల్ల గీత సాకెట్ అంచుకి సమాంతరంగా వచ్చేదాకా దూర్చి, రెండు వేళ్ళతో రెండు పక్కలా ఒకేసారి నొక్కాను. ఈసారి చిన్న "టిక్" వినపడింది. మొదటిసారి అది వినపడలేదని అప్పుడు గుర్తొచ్చింది.

199వ వరుసలోని అంకె ఎప్పటికీ తగ్గదు. ఆ డిస్క్ ఉన్నన్నాళ్ళూ 57 అని అక్కడ ఉంటుంది. ఇక పెరగకుండా ఉంటే చాలు. కాగితం మీద తేదీ, 57 రాసి మూతకి లోపలివైపు అంటించాను. కాపీ మొదటినుంచి మళ్ళీ మొదలుపెట్టి పడుకున్నాను.

జనవరి 18

కాపీ నాలుగు గంటల్లో అయిపోయింది. సీఆర్‌సీ 57. కానీ ఆర్‌సింక్ చివర్లో పదకొండు ఫైళ్ళు రాయలేకపోయానని చెప్పింది. కారణం: ఫైలు పేరు మరీ పొడుగు.

పాత డిస్క్‌లో ఉన్న పేర్లే కదా, అక్కడ లేని ఇబ్బంది ఇక్కడెందుకు? తెలుగులో ఫైళ్ళకి పేర్లు పెట్టుకునే ప్రతి ఒక్కరికీ పనికొస్తుంది కాబట్టి ఇది వివరంగా రాస్తున్నాను. పాత డిస్క్ విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఉంది. అక్కడ ఫైలు పేరుకి 255 అక్షర సంకేతాలు అనుమతి, తెలుగు సంకేతం ఏదైనా ఒకటిగానే లెక్క. ఈఎక్స్‌టీ4లో 255 బైట్లు అనుమతి. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు పడుతుంది. అక్షరాల్ని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ప్రతిదానికీ మూడు బైట్లు పడతాయి. అంటే మనకి దక్కేది 85 సంకేతాలే. అవి కూడా మనం కంటితో చూసే అక్షరాలు కావు. గుణింతం, పొల్లు, సున్నా అన్నీ విడివిడిగా లెక్కలోకి వస్తాయి. "శ్రీ" ఒక్క అక్షరంలా కనపడుతుంది గానీ శ, పొల్లు, ర, దీర్ఘం కలిసి నాలుగు సంకేతాలు, పన్నెండు బైట్లు. "ద్వారం వెంకటస్వామి నాయుడు" అన్న పేరొక్కటే 71 బైట్లు.

నాన్న కేసెట్ మీద ఏది రాశారో, మైకులో ఏది చెప్పారో అదంతా నేను ఫైలు పేరులో పెట్టాను. గాత్రం ఎవరు, వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు, ఏ రాగం, ఏ తాళం, ఏ కేంద్రం, ఏ తేదీ. వాటిలో ఒక్క మాట కూడా వదులుకోవడం నాకు ఇష్టం లేదు. వదులుకోవాల్సిన పని కూడా లేదు. ఫ్లాక్ ట్యాగ్‌లు (ఫైలు లోపలే రాసుకునే వివరాలు) యూటీఎఫ్-8లోనే ఉంటాయి, వాటికి ఈ 255 హద్దు లేదు. పూర్తి పాఠం ట్యాగ్‌లో పెట్టి, ఫైలు పేరుని కేసెట్ నంబరు, కళాకారుల పేరు, రాగం వరకు కుదించాను. పదకొండింటికీ చేత్తోనే చేశాను, సాయంత్రమంతా పట్టింది. చేస్తున్నప్పుడు ఒక్కో కేసెట్ మొదటి నిమిషం విన్నాను. ఒకదాంట్లో నాన్న తేదీ చెప్తుంటే వెనక వంటింట్లోంచి అమ్మ ఎవరినో పిలుస్తోంది. ఆ ముక్క అమ్మకి వినిపించాను. "మీ అక్కని పిలుస్తున్నాన్రా, బడికి టైమైపోతోందని" అంది.

అదే ఊపులో ఇంకో పని కూడా చేశాను. బాలమురళీకృష్ణ పేరు లైబ్రరీలో మూడు చోట్ల కనపడేది. ఒక చోట "ళీ", ఒక చోట "ళి", ఒక చోట ముందు ఇంటిపేరు. ముగ్గురినీ ఒక్కరిని చేశాను.

జనవరి 19, సోమవారం

సరిచూడటం. ఆర్‌సింక్‌ని ఈసారి సైజు, తేదీ కాకుండా ఫైలు లోపలి లెక్క పోల్చమని చెప్పి, ఏమీ రాయకుండా తేడాలు మాత్రం చూపించమన్నాను. నేను పేరు మార్చిన పదకొండూ, బాలమురళీకృష్ణ పేరు సరిచేసినవీ తప్ప ఇంకేమీ రాలేదు. ఫ్లాక్ టెస్ట్ మళ్ళీ నడిపాను, ఫెయిల్ సున్నా. వేవ్‌ల షా256 జాబితా పోల్చాను, అన్నీ సరిపోయాయి. ట్యాగ్‌లు మార్చినా ఫ్లాక్ ఎండీ5 మారదు, అది శబ్దానికి కట్టిన లెక్క. నేను మార్చినవి కూడా సరిగ్గా ఉన్నాయని దాంతోనే తేలింది.

సర్వర్‌కి కొత్త దారి చూపించి స్కాన్ చేయించాను. పాత డిస్క్ మీద అరగంట పట్టే స్కాన్ నాలుగు నిమిషాల్లో అయిపోయింది. వేగం కోసం కొనలేదన్నాను గానీ ఇది చూసి సంతోషమేసింది.

పడుకోబోయే ముందు అమ్మ అడిగింది: "రేపు పొద్దున్న పాటలుంటాయా మరి?"

"ఉంటాయమ్మా."

జనవరి 25, ఆదివారం

వారం రోజులు ఆగకుండా నడిచింది. మెషీన్ అడాప్టరుని రౌటర్ ఉన్న యూపీఎస్‌కి మార్చాను. బుధవారం సాయంత్రం గంటసేపు కరెంటు పోయినా పాట ఆగలేదు. డిస్క్ వేడి 38 డిగ్రీలు. ఇది జనవరి, మే నెలలో మళ్ళీ చూడాలి. మూత కింద గాలి ఆడటానికి రబ్బరు బుడిపెలు అంటించాను.

పాత డిస్క్ సాకెట్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్త కేబుల్‌తో ఒకసారి మొత్తం చదివించి చూశాను, బానే ఉంది. పదకొండు కొత్త పేర్లూ, బాలమురళీకృష్ణ పేరు సరిచేసిన ఫైళ్ళూ దాంట్లోకి కూడా పంపాను. లోపల పెట్టిన డిస్క్ ఎంత కొత్తదైనా అదొక్కటే అయితే బ్యాకప్ లేనట్టే. ఒకే ఇంట్లో రెండు పెట్టుకుంటే హుద్‌హుద్ రోజు మంచం కింద పెట్టె గుర్తొస్తుంది. పాత డిస్క్‌ని స్టీలు డబ్బాలో నాలుగు సిలికా జెల్ పొట్లాలు వేసి, మూత చుట్టూ టేప్ చుట్టి, మేనల్లుడి చేతికిచ్చాను. వాడు బైకు మీద గాజువాక తీసుకెళ్ళి అక్క బీరువాలో పెట్టాడు. మూడు నెలలకోసారి తెప్పించి కొత్తవి కలిపి పంపుతాను. 840 దాటి ఇంకో అరవై, డెబ్బై జీబీ పెరిగితే దానికీ పెద్దది కొనాలి.

అక్క రాత్రి ఫోన్ చేసింది. డబ్బా లోపల ఏముందో వాడు చెప్పాడట. "నాన్న గొంతు కూడా ఉందట కదరా అందులో? నాకు పంపు" అంది. బడికి టైమైపోతోందని అమ్మ పిలిచిన ఆ కేసెట్ మొదటి నిమిషం కత్తిరించి పంపాను.

ఇప్పుడే మళ్ళీ చూశాను. సీఆర్‌సీ 57.